వంటింట్లో అంకెలు, కంచం దగ్గర మాటలు

ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే చిన్నపిల్లల సంగతి కొంత వెనకబడుతుంది. తల్లి మంచం దగ్గర కాపలా ఉంటుంది. తండ్రి మందుల షాపుకూ ల్యాబుకూ తిరుగుతుంటాడు. నానమ్మో అమ్మమ్మో క్యారియర్ కట్టే హడావుడిలో ఉంటుంది. మూడేళ్ల బిడ్డ అల్లరి చేయకుండా చేతిలో ఫోన్ పెట్టి కూర్చోబెడతారు. "చదువుదేముంది, బడికి వెళ్ళాక నేర్చుకుంటాడులే" అనుకుంటారు.

కానీ బిడ్డ నేర్చుకోవడం బడితో మొదలు కాదు. మాట, లెక్క అనే రెండూ బడికి వెళ్ళకముందే ఇంట్లో మొలకెత్తుతాయి. అందుకు పుస్తకాలు, బొమ్మలు, ట్యూషన్లు కొననక్కరలేదు. రోజూ మూడు పూటలా వండుతున్నాం, తినిపిస్తున్నాం. ఆ సమయంలోనే నేర్పవచ్చు. ఎలాగో ఈ పాఠంలో చూద్దాం. పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల లోపు పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది పనికొస్తుంది.

తిండితో పాటు మాట కూడా కావాలి

బిడ్డ మెదడు మొదటి ఐదారేళ్లలో చాలా వేగంగా ఎదుగుతుంది. అందుకు మంచి ఆహారం కావాలి. ఆహారంతో పాటు పెద్దవాళ్ల మాట, స్పర్శ, చూపు కూడా కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో చిన్నపిల్లల పెంపకంపై ఒక మార్గదర్శకం విడుదల చేశాయి. బిడ్డకు అయిదు అవసరమని అందులో చెప్పారు. అవి మంచి ఆరోగ్యం, చాలినంత పోషణ, బిడ్డ సైగలను గమనించి స్పందించే పెంపకం, భద్రత, చిన్ననాటి నుంచే నేర్చుకునే అవకాశం. అన్నం తినిపించే వేళ శ్రద్ధ పెడితే ఈ అయిదూ ఒకేచోట అందుతాయి.

మన దేశంలో అంగన్‌వాడీలు 1975లో మొదలయ్యాయి. పోషణతో పాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందు చదువు చెప్పడం కూడా వాటి పనుల్లో ఒకటి. 2023లో కేంద్ర ప్రభుత్వం "పోషణ్ భీ పఢాయీ భీ" అనే కార్యక్రమం ప్రారంభించింది. అంటే పోషణా కావాలి, చదువూ కావాలి అని అర్థం. మీ ఊరి అంగన్‌వాడీకి బిడ్డను తప్పక పంపండి. అక్కడ నేర్చింది ఇంట్లో వాడితేనే నిలుస్తుంది.

రక్తహీనత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము చాలని బిడ్డ నీరసంగా, చిరాగ్గా ఉంటుంది. ఆటమీద, మాటమీద ధ్యాస నిలవదు. అందుకని గుడ్డు, మాంసం, చేప, పప్పులు, ఆకుకూరలు పెట్టండి. ఆకుకూర, పప్పు మీద కాస్త నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ ఇవ్వవద్దు.

అంకెలు వల్లించడం వేరు, లెక్క తెలియడం వేరు

"మా వాడు వంద దాకా గడగడా చెబుతాడు సిస్టరమ్మా" అని చాలామంది తల్లులు మురిపెంగా చెబుతారు. సంతోషమే. కానీ ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక పళ్లెంలో పది ఇడ్లీ ముక్కలు పెట్టి, "నాకు మూడు ఇవ్వు నాన్నా" అని అడగండి. మూడేళ్ల బిడ్డలు చాలామంది గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. వంద దాకా చెప్పినవాడు మూడు ఎందుకు ఇవ్వలేకపోయాడు?

ఎందుకంటే ఒకటి, రెండు, మూడు అనేది వాడికి ఇంకా పాట లాంటిదే. నోటికి వచ్చింది గాని చేతికి రాలేదు. పిల్లలు ముందు "ఒకటి" అంటే ఏమిటో తెలుసుకుంటారు. కొన్ని నెలలు గడిచాక "రెండు", మళ్లీ కొన్నాళ్లకు "మూడు" తెలుస్తుంది. ఈ మెట్లు ఎక్కడానికి సాధారణంగా రెండున్నర నుంచి నాలుగేళ్ల వయసు దాకా పడుతుంది. ఇది మందబుద్ధి కాదు, అందరు పిల్లలూ నడిచే దారే. ఈ దారిలో బిడ్డకు సాయం చేసేది రోజూ చేత్తో పట్టుకుని, చూసి, తిని లెక్కపెట్టే వస్తువులు.

లెక్క తెలిసిందనడానికి మూడు గుర్తులున్నాయి.

1. ఒక వస్తువుకు ఒకే అంకె చెప్పాలి. ఒక ముక్కను రెండుసార్లు లెక్కపెట్టకూడదు, ఒకదాన్ని వదిలేయకూడదు.
2. అంకెలు ఎప్పుడూ ఒకే వరుసలో చెప్పాలి.
3. చివరగా చెప్పిన అంకే మొత్తం అని తెలియాలి. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా "నాలుగు" అనాలి.

ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం. అందుకే లెక్కపెట్టడం అయిపోయాక చేతితో అన్నిటి చుట్టూ చుట్టి చూపించి, "నాలుగు! మొత్తం నాలుగు ముక్కలు" అని మీరే చెప్పండి. కొన్నాళ్లకు బిడ్డే చెబుతుంది.

వయసును బట్టి ఏం చేయాలి

ఆరు నెలల నుంచి ఏడాది వరకు: ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తని ఆహారం మొదలుపెడతాం. ముద్ద పెడుతూ మాట్లాడండి. "ఇది పప్పన్నం. వేడిగా ఉంది, ఊదుదాం. ఆ... ఇంకో ముద్ద." బిడ్డ ఊ కొట్టినా, ఉంగా ఉంగా అన్నా ఆగి వినండి, తిరిగి జవాబివ్వండి. మాటలు రాకముందే, ఒకరు మాట్లాడాక ఇంకొకరు మాట్లాడాలనే పద్ధతి ఇక్కడే పట్టుబడుతుంది.

ఏడాది నుంచి రెండేళ్ల వరకు: పేర్లు నేర్పే వయసు. "గిన్నె ఏది? గరిటె ఏది?" అని అడిగి చూపించమనండి. బిడ్డ "పా" అంటే "అవును, పాలు. వేడి పాలు" అని ఒక మాట కలిపి చెప్పండి. తప్పు పలికిందని వెక్కిరించవద్దు, సరైన మాట మీరు మళ్లీ చెబితే చాలు. లెక్కలో "ఇంకా", "అయిపోయింది", "ఒకటి", "బోలెడు" అనే మాటలు చాలు.

రెండేళ్ల నుంచి మూడేళ్ల వరకు: ఒకటి, రెండు బాగా దిట్టం చేయండి. "రెండు చేతుల్లో రెండు బిస్కెట్లు." పెద్దది-చిన్నది, నిండు-ఖాళీ, వేడి-చల్లన, లోపల-బయట వంటి జంట మాటలు వాడండి. ఉల్లిపాయలు ఒక బుట్టలో, టమాటాలు ఒక బుట్టలో వేరు చేయమనండి.

మూడేళ్ల నుంచి నాలుగేళ్ల వరకు: "ఇంట్లో ఎంతమందిమి? అయితే ఎన్ని కంచాలు కావాలి?" అని అడగండి. కంచాలు వేయించి, ఒక్కొక్క కంచం ముందు ఒక్కొక్క గ్లాసు పెట్టించండి. ఒక మనిషికి ఒక కంచం, ఒక కంచానికి ఒక గ్లాసు. పెద్ద లెక్కలన్నిటికీ పునాది ఇదే.

నాలుగేళ్ల నుంచి ఆరేళ్ల వరకు: కూడిక, తీసివేత, సగం, పావు, కొలత. "నీ పళ్లెంలో అయిదు దోసముక్కలున్నాయి. రెండు తిన్నావు. ఎన్ని మిగిలాయి?" తినే కొద్దీ తగ్గుతాయి కాబట్టి తీసివేత కంటికి కనిపిస్తుంది. చివరి ముక్క కూడా తినేశాక ఖాళీ పళ్లెం చూపించి "సున్నా" అని చెప్పండి. సున్నా నేర్పడానికి ఖాళీ పళ్లెం కన్నా మంచి బొమ్మ లేదు.

ఇడ్లీ చేసే రోజు ఒక పాఠం

ఇడ్లీ దాదాపు అందరి ఇళ్లలోనూ చేసుకుంటాం. దానిలో ఎంత చదువుందో చూడండి.

నానబెట్టేటప్పుడు: "ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ" అని పైకి చెబుతూ బిడ్డతో పోయించండి. గ్లాసు నిండా, అంచు దాకా, సగానికి అనే మాటలు వాడండి. ఒంపిన గింజలు ఏరించండి, వేళ్లకు బలం వస్తుంది. రేపు పలక, పెన్సిల్ పట్టేది ఆ వేళ్లే.

పిండి పులిసేటప్పుడు: "నిన్న నానబెట్టాం. రాత్రి రుబ్బాం. ఇవాళ పొద్దున పిండి పొంగింది. రేపు మిగిలిన పిండితో దోసెలు వేద్దాం." నిన్న, ఇవాళ, రేపు అనేవి పిల్లలకు కష్టమైన మాటలు. నాలుగేళ్ల బిడ్డలు కూడా "రేపు తిన్నాను" అంటారు. ఇలా పని పక్కన పెట్టి చెబితే అర్థం త్వరగా తెలుస్తుంది.

ఇడ్లీ పళ్లెం దగ్గర: పిండి పోసేటప్పుడు గుంటలు లెక్కపెట్టించండి. "ఒక పళ్లేనికి నాలుగు. రెండు పళ్లేలకు ఎన్ని?" బిడ్డ ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఎనిమిది అంటుంది. ఎక్కం రాకపోయినా ఎక్కం ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. పొయ్యి మీద పెట్టడం, ఆవిరి పాత్ర మూత తీయడం మాత్రం పెద్దవాళ్లే చేయాలి.

వడ్డించేటప్పుడు: "తాతయ్యకు మూడు, నాకు రెండు, నీకు ఒకటి. ఎవరికి ఎక్కువ? ఎవరికి తక్కువ?" అని అడగండి. ఒక ఇడ్లీ తుంచి "ఇది సగం, ఇది సగం" అని చూపించండి. సగాన్ని మళ్లీ సగం చేస్తే పావు. చపాతీని మడిచినా ఇదే పాఠం.

మజ్జిగ పోసేటప్పుడు: రెండు సమానమైన గ్లాసుల్లో మజ్జిగ పోసి బిడ్డకు చూపించండి. తర్వాత ఒక గ్లాసు మజ్జిగను వెడల్పాటి గిన్నెలోకి ఒంపి, "ఇప్పుడు ఎందులో ఎక్కువ ఉంది?" అని అడగండి. అయిదేళ్ల లోపు పిల్లలు చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. ఎత్తుగా కనిపించిందే ఎక్కువ అనుకుంటారు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఝాన్ పియాజే చిన్నపిల్లల ఆలోచన గురించి వివరించిన ముఖ్యమైన సంగతుల్లో ఇదొకటి. బిడ్డను తప్పుబట్టవద్దు. గిన్నెలోది మళ్లీ గ్లాసులో పోసి చూపించండి. నాలుగు రోజులు ఆడితే తనే ఆశ్చర్యపోతుంది, తనే తెలుసుకుంటుంది.

ఇంట్లో పాత సోల, గిద్ద, తవ్వ ఉంటే అటక మీద నుంచి దించండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ప్రాంతాన్ని బట్టి కొలతలు కొంచెం మారవచ్చు. అయినా బియ్యం పోసి కొలిపిస్తే రెట్టింపు, సగం అనేవి చేతులకే తెలిసిపోతాయి. ఈ పాఠం చెప్పడానికి అమ్మమ్మ, తాతయ్యలను మించిన పంతుళ్లు లేరు.

మన భాషలోనే ఉన్న లెక్క

తెలుగులో ఒక ప్రత్యేకత ఉంది. వస్తువులైతే "మూడు ఇడ్లీలు" అంటాం, మనుషులైతే "ముగ్గురు" అంటాం. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు. కంచాలు వేసేటప్పుడు ఈ రెండు వరుసలూ పక్కపక్కనే వస్తాయి. "నలుగురికి నాలుగు కంచాలు, అయిదుగురికి అయిదు గ్లాసులు." ఇంట్లో వినని బిడ్డ "నాలుగు మనుషులు" అంటుంది.

పదకొండు నుంచి పంతొమ్మిది దాకా అంకెల పేర్లు పిల్లలకు తికమకగా ఉంటాయి. పన్నెండు, పద్ధెనిమిది వంటివి విడిగా గుర్తుపెట్టుకోవలసిందే. ఇరవై దాటితే ఇరవై ఒకటి, ఇరవై రెండు అని సాఫీగా సాగుతాయి. కాబట్టి పది నుంచి ఇరవై మధ్య ఎక్కువ సాధన కావాలి. చిక్కుడుకాయలు ఈనె తీసేటప్పుడు, బెండకాయలు తుడిచేటప్పుడు ఇరవై దాకా బిడ్డతో కలిసి లెక్కపెట్టండి. ఇంగ్లీషు మీడియం బడికి పంపేవారు కూడా ముందు తెలుగులో లెక్క రానివ్వండి. ఒక భాషలో మూడు అంటే తెలిసిన బిడ్డకు ఇంకో భాషలో పేరు నేర్చుకోవడమే మిగులుతుంది.

వంటింటి మాటలు

వంటింట్లో ఉన్నన్ని మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. బియ్యం చెరుగుతాం, పిండి జల్లిస్తాం, వెల్లుల్లి ఒలుస్తాం, కూర తరుగుతాం, పచ్చడి నూరుతాం, పిండి రుబ్బుతాం, కారం దంచుతాం, మజ్జిగ చిలుకుతాం. ప్రతి పనికీ ఒక మాట ఉంది. "ఇది చెయ్యి, అది తే" అని అనకుండా అసలు మాట వాడండి. "అది తే" అంటే బిడ్డ ఏమీ నేర్చుకోదు. "గూట్లో ఉన్న చిన్న గరిటె తే కన్నా" అంటే నాలుగు మాటలు నేర్చుకుంటుంది.

ఒకటి మరొకటిగా ఎలా మారుతుందో చెప్పండి. వడ్లు దంచితే బియ్యం, బియ్యం వండితే అన్నం. పాలు తోడుపెడితే పెరుగు, పెరుగు చిలికితే మజ్జిగ, వెన్న. వెన్న కాస్తే నెయ్యి. ఇది బిడ్డకు కథలాగే ఉంటుంది. రెండు రోజులయ్యాక "వెన్న ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి, తనే కథ చెబుతుంది.

రుచులు చెప్పించండి. ఉగాది పచ్చడిలోని తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే ఆరు మాటలూ ఏడాది పొడుగునా వాడుకోవచ్చు. "బాగుంది, బాగాలేదు" అనే రెండు మాటలతో సరిపెట్టుకునే బిడ్డ, "పచ్చి అరటికాయ వగరుగా ఉంది" అనడం నేర్చుకుంటుంది. ఒంట్లో బాగాలేనప్పుడు కూడా అలాంటి బిడ్డ "గొంతు మండుతోంది, నోరు చేదుగా ఉంది" అని చెప్పగలదు. పిల్లల వార్డులో పనిచేసే మాకు ఆ మాటల విలువ బాగా తెలుసు. ఎక్కడ నొప్పో చెప్పగలిగిన బిడ్డ సంగతి త్వరగా అర్థమవుతుంది.

అక్షరాలకు ముందు శబ్దం రావాలి. మాటకు చప్పట్లు కొట్టించండి. ఇడ్-లీ, రెండు చప్పట్లు. బెం-డ-కా-య, నాలుగు చప్పట్లు. బెండకాయ, దొండకాయ, బీరకాయ, కాకరకాయ అంటూ ఒకేలా ముగిసే మాటలు వెతకండి. "ప"తో మొదలయ్యేవి చెప్పమంటే పప్పు, పసుపు, పచ్చడి అంటుంది. అన్నం, పప్పు, ఉప్పు, నెయ్యి, గుడ్డు, బెల్లం, మజ్జిగ, ఇవన్నీ వత్తులున్న మాటలే. ఈ శబ్దం చెవికి అలవాటైతే తర్వాత బడిలో వత్తులు రాయడం తేలికవుతుంది. పాల ప్యాకెట్ మీద, ఉప్పు ప్యాకెట్ మీద అక్షరాలు, అంకెలు చూపించండి. "ఇక్కడ ఏం రాశారు? ఎంత ధర?" అని చదివి వినిపించండి.

ఒకే వస్తువుకు రెండు మూడు పేర్లుంటే కంగారు పడవద్దు. ఒకరు ఉల్లిపాయ అంటారు, ఇంకొకరు ఉల్లిగడ్డ అంటారు. వేరుశనగలు, పల్లీలు, చెనిక్కాయలు అన్నీ ఒకటే. "నానమ్మ ఇలా అంటుంది, అమ్మమ్మ అలా అంటుంది, రెండూ మనవే" అని చెప్పండి. ఇంట్లో లంబాడీ, కోయ, ఉర్దూ, తమిళం వంటి భాషలు మాట్లాడేవారు ఆ భాషలోనే ఇవన్నీ చేయండి. ఇంటి భాష గట్టిగా ఉంటే బడి భాష దాని మీద నిలబడుతుంది.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు

చికిత్స పొందుతున్న బిడ్డతో కూడా ఇవి చేయవచ్చు. ఒకసారి మా పిల్లల వార్డులో జ్వరం తగ్గుతున్న నాలుగేళ్ల పాప ఏమీ తినకుండా మొండికేస్తోంది. వాళ్ల అమ్మమ్మ బత్తాయి ఒలిచి తొనలు పళ్లెంలో పెట్టి, "ఎన్ని ఉన్నాయో చూడవే బంగారం, నాకు కళ్లు సరిగా ఆనడం లేదు" అంది. పాప లెక్కపెట్టి తొమ్మిది అంది. "అయ్యో, పది ఉండాలే, మళ్లీ చూడు" అంది అమ్మమ్మ. పాప మళ్లీ లెక్కపెట్టి, "తొమ్మిదే అమ్మమ్మా! నువ్వే తప్పు" అని నవ్వి ఒక తొన నోట్లో వేసుకుంది. "ఇప్పుడు ఎన్ని?" అంటే "ఎనిమిది" అంది. అలా అయిదు తొనలు తినేసింది. ఆవిడ గింజలు తీసి, పొర ఒలిచి మరీ ఇవ్వడం నాకు ఇంకా నచ్చింది.

పెద్దవాళ్లు ఆసుపత్రిలో ఉంటే ఇంట్లో ఉన్న పిల్లలతో క్యారియర్ సర్దించండి. "కింది గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో కూర, పై గిన్నెలో పెరుగు. తాతయ్యకు ఉప్పు తక్కువ." పైన, కింద, మధ్య అనే మాటలు వస్తాయి. తాతయ్యకు తనూ ఏదో చేశానన్న ధైర్యం బిడ్డకు కలుగుతుంది. ఇంట్లో అందరూ ఆందోళనగా ఉన్నప్పుడు పిల్లలకు ఇది చాలా అవసరం.

ఒక హెచ్చరిక. లెక్కలు నేర్పడానికి మందు బిళ్లలు ఎప్పుడూ వాడవద్దు. బిళ్లలను చాక్లెట్ అని పిలవవద్దు. మందులన్నీ పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

• అయిదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, శనగలు, జీడిపప్పు వంటివి గింజలుగా ఇవ్వవద్దు. అవి ఊపిరిగొట్టంలో ఇరుక్కుంటాయి. పొడి చేసి గాని, ముద్దగా నూరి గాని పెట్టండి. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. సీతాఫలం, బత్తాయి గింజలు తీసేయండి.
• లెక్కపెట్టడానికి చింతగింజలు, చిక్కుడు గింజలు ఇస్తే పక్కనే కూర్చోండి. అయిపోయాక తీసి దాచండి. మూడేళ్ల లోపు పిల్లలకు గింజలు అసలు వద్దు. పిల్లలు గింజలను ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే ఇంట్లో పిన్నులతో తీయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.
• పిల్లలు కూర్చొని తినాలి. పరుగెడుతూ, పడుకుని, ఏడుస్తూ తినకూడదు.
• వేడి సాంబారు, గంజి, నూనె, కుక్కర్, కత్తిపీట పిల్లలకు దూరంగా ఉంచండి. నేల మీద వండేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.
• వంటలో చేయి పెట్టేముందు, తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి.

గొంతుకు ఏదైనా అడ్డం పడి బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక ఉక్కిరిబిక్కిరైతే ఆలస్యం చేయవద్దు. బిడ్డను ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య వీపు మీద అరచేతి మొదలుతో 5 సార్లు గట్టిగా చరచండి. ఏడాది లోపు బిడ్డనైతే ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి చరచాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. మిగతా పద్ధతి మా నర్సులను అడిగితే బొమ్మ మీద చేసి చూపిస్తారు.

తల్లులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ఫోన్ చూపిస్తే గాని తినడం లేదు. ఏం చేయాలి?
ఫోన్ చూస్తూ తినే బిడ్డకు ఆకలి, కడుపు నిండడం రెండూ తెలియవు. మాట కూడా రాదు, ఎందుకంటే ఫోన్ మాట్లాడుతుంది గాని బిడ్డ మాట వినదు. భారత శిశువైద్యుల సంఘం రెండేళ్ల లోపు పిల్లలకు ఫోన్, టీవీ వద్దనీ, రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదనీ చెబుతోంది. ముందు ఒక పూట ఫోన్ లేకుండా తినిపించండి. మొదటి మూడు నాలుగు రోజులు పేచీ ఉంటుంది. నిలకడగా ఉంటే తగ్గుతుంది. రెండో పూట తర్వాత మార్చవచ్చు.

నాకు చదువు రాదు. నేను నేర్పగలనా?
తప్పకుండా. కూరగాయల బేరం చేసి చిల్లర లెక్క చూసుకునే తల్లికి లెక్క రాదని ఎవరంటారు? పావుకిలో, అరకిలో, ముప్పావుకిలో మీకు తెలిసిందే బిడ్డకు చెప్పండి.

తప్పు చెబితే ఏం చేయాలి?
కొట్టవద్దు, "నీకేం రాదు" అనవద్దు. "మళ్లీ ఇద్దరం లెక్కపెడదాం" అని వేలు పట్టుకుని లెక్కపెట్టండి. సరైన జవాబు చెబితేనే అన్నం అనడం చాలా తప్పు. అన్నం బహుమతీ కాదు, శిక్షా కాదు. బిడ్డ విసుగుపడితే ఆ పూట ఆపేయండి.

మగపిల్లవాడికి వంటింటి పని ఎందుకు?
మాట, లెక్క ఇద్దరికీ కావాలి. అబ్బాయితో కూడా బఠాణీలు ఒలిపించండి. ఆడపిల్లతో పని మాత్రమే చేయించకుండా లెక్క కూడా అడగండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి

పిల్లలందరూ ఒకేలా ఎదగరు. అయినా ఈ కింది గుర్తులుంటే "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని ఊరుకోవద్దు.

• ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, గిన్నె చప్పుడుకు ఉలిక్కిపడకపోవడం
• ఏడాదిన్నరకు ఒక్క మాట కూడా రాకపోవడం, కావలసినది వేలితో చూపించకపోవడం
• రెండేళ్లకు "పాలు కావాలి", "అమ్మ దా" వంటి రెండు మాటలు కలపలేకపోవడం
• మూడేళ్లకు ఇంట్లోవాళ్లకు కూడా మాట అర్థం కాకపోవడం
• ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం
• నమలడం, మింగడం కష్టంగా ఉండటం

మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ముందు చెవి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షిస్తారు. అవసరమైతే డీఈఐసీ అనే జిల్లా కేంద్రానికి పంపుతారు. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును అడగండి. ఎంత చిన్న వయసులో కనుక్కుంటే అంత మేలు జరుగుతుంది.

గుర్తుంచుకోండి

1. వండేటప్పుడు, వడ్డించేటప్పుడు, తినిపించేటప్పుడు బిడ్డతో మాట్లాడండి. చేసే పనికి పేరు చెప్పండి.
2. అంకెలు వల్లింపించడం కన్నా మూడు వస్తువులు చేతిలో పెట్టించడం మేలు.
3. లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అని అడగండి.
4. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగండి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఓపిక పట్టండి.
5. రోజుకు పది నిమిషాలైనా చాలు, కానీ రోజూ చేయండి.
6. గింజలు, వేడి, కత్తి, మందుల విషయంలో జాగ్రత్త.

ఈ రాత్రి భోజనానికి కూర్చునేటప్పుడే మొదలుపెట్టండి. "ఎంతమందిమి ఉన్నాం? ఎన్ని కంచాలు తేవాలి?" అని బిడ్డను అడగండి. ఒకటి తక్కువ తెస్తే తిట్టకండి. ఎవరికి కంచం రాలేదో తననే చూసి చెప్పమనండి, లేచి వెళ్లి ఇంకొకటి తెస్తుంది.